పిండికీ ఒక తోడు!

పెరుగు తోడు అయిపోతే మనమేం చేస్తాం? చిన్న గిన్నె పుచ్చుకుని పక్కింటి గుమ్మంలో నిలబడి "వదినా, కాస్త తోడుంటే పెడతారా?" అని అడుగుతాం. గుంటూరు వైపు వాళ్ళయితే "చేమిరి" అంటారు. పేరేదైనా పని ఒక్కటే. నిన్నటి పెరుగులో బతికున్న సూక్ష్మజీవులే రేపటి పెరుగుని తయారుచేస్తాయి. గోధుమపిండికి కూడా సరిగ్గా ఇలాంటి తోడు ఒకటుందనీ, దాన్ని ఇంట్లోనే పుట్టించుకుని ఏళ్ళ తరబడి దాచుకోవచ్చనీ నాకు యాభై ఆరో ఏట గానీ తెలియలేదు. తెలిసిన తీరు మాత్రం కాస్త సిగ్గుపడేలాంటిదే. అయినా దాచకుండా చెబుతాను.

2018 నవంబరులో అమ్మాయి పురిటికని అమెరికాలోని సియాటిల్ వెళ్ళాను. వెళ్ళిన వారానికే దోసెలపిండి దగ్గర ఓడిపోయాను. విజయవాడలో రాత్రి రుబ్బి మూతపెడితే తెల్లారేసరికి పొంగి గట్టంతా పారే పిండి, అక్కడి చలికి రెండు రోజులైనా కదల్లేదు, మెదల్లేదు. పక్కింట్లో ఎనభై దాటిన పెద్దావిడ ఒకరు ఉండేవారు. మావాళ్ళంతా ఆవిణ్ణి మామ్మగారనే అనేవారు. ఆవిడ పుట్టి పెరిగింది అలాస్కాలో. మా అవస్థ విని నవ్వి, ఒక ఆదివారం పొద్దున్నే పిలిచి వేడివేడిగా పాన్‌కేకులు పోసి పెట్టారు. అరచెయ్యంత అట్లు, వేలెడు మందం, మెత్తగా, లోపల కాస్త పుల్లగా. నోట్లో పెట్టుకోగానే మా అమ్మ పోసే పుల్లట్టు గుర్తొచ్చింది. ఆ పులుపు ఎక్కడిదని అడిగితే ఆవిడ ఏదో చెప్పారు గానీ ఆ ఉచ్చారణ నాకు సగం అర్థం కాలేదు.

డిసెంబరులో ఆవిడకి తుంటి ఆపరేషను అయింది. నెలన్నరపాటు ఇంటికి రాలేరు కనుక ఫ్రిజ్‌లో ఉన్న ఒక గాజుసీసాని మా అమ్మాయికి అప్పగించి వెళ్ళారు. అమ్మాయి దాన్ని పచ్చళ్ళ వెనకాల పెట్టి, నాకు చెప్పడం మరిచిపోయింది. ఆ వారమే నొప్పులొచ్చి ఆస్పత్రికి వెళ్ళింది. అల్లుడు తనతోనే. ఇంట్లో ఒక్కదాన్నీ ఊరికే కూర్చోలేక ఫ్రిజ్ శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాను. (మనకదొక రోగం కదా!) ఆ సీసా చేతికి తగిలింది. లోపల బూడిదరంగు ముద్ద, పైన నల్లటి నీళ్ళు, మూత తీస్తే గుప్పున పుల్లటి వాసన. ఏదో పిండి పాడైంది, పిల్ల చూసుకోలేదు అనుకుని సింకులో ఒంపేసి, మరిగే నీళ్ళతో సీసా కడిగి బోర్లించాను.

బిడ్డతో ఇంటికొచ్చిన మర్నాడు అమ్మాయి ఫ్రిజ్ తీసి "అమ్మా, ఇక్కడొక సీసా ఉండాలి, ఏదీ?" అంది. చెప్పాను. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, అది మామ్మగారికి వాళ్ళమ్మగారిచ్చిన పిండి. ఆవిడ దగ్గర ఇంకెక్కడా లేదు" అంది.

ఒక్కటే మిగిలింది. సీసా మూతికి కట్టిన పలచటి గుడ్డ ఉతికే బట్టల బుట్టలో పడి ఉంది. దాని అంచున పిండి పెచ్చులు కట్టి ఎండిపోయి ఉంది. గీకితే చెంచాడు కూడా రాలేదు. ఎండిన పిండిలోనూ ఈ జీవులు నిద్రపోతూ ఉంటాయని అమ్మాయి ఎక్కడో చదివిందట. ఆ పెచ్చుల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, చెంచాడు పిండి కలిపి, ఓవెన్ లోపలి దీపం మాత్రం వేసి అందులో పెట్టాం. తర్వాతి సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ పిండి మంచిచెడ్డలు చూద్దాం.

బంగారం వేటగాళ్ళ సీసా

ఇంగ్లీషులో దీన్ని సోర్‌డో స్టార్టర్ అంటారు. మన సౌకర్యం కోసం "తోడుపిండి" అనుకుందాం. పిండి, నీళ్ళు తప్ప ఇందులో ఇంకేమీ ఉండదు. గోధుమల్లో సహజంగా ఉండే ఈస్టూ, పాలు తోడుకునేలా చేసే బాక్టీరియా జాతులూ కలిసి కాపురం చేస్తాయి. ఈస్ట్ పొంగిస్తుంది, బాక్టీరియా పులుపిస్తుంది. బజారు ఈస్ట్ పొట్లాలు రాకముందు ఎక్కడైనా రొట్టెలు పొంగింది ఇలాంటి పిండితోనో, సారాయి కాచేవాళ్ళ దగ్గరి నురగతోనో. ఉర్దూలో "ఖమీర్" అనేది ఇలా పులియబెట్టిన పిండినే. ఖమీరీ రోటీ అన్న పేరు అలా వచ్చిందే.

పాన్‌కేకులకీ ఈ పిండికీ చుట్టరికం బాగా పేరుపడింది మాత్రం అలాస్కా, యూకాన్ మంచునేలల్లో. 1896 ఆగస్టులో కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, క్లాన్‌డైక్ నదిలో కలిసే ఒక వాగులో బంగారం దొరికింది. 1897 జూలైలో ఆ బంగారంతో ఒక ఓడ సియాటిల్ రేవుకి చేరేసరికి జనానికి పిచ్చెక్కింది. దాదాపు లక్షమంది ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి బయలుదేరారని అంచనా. గమ్యం చేరింది 30, 40 వేలమంది. ఏడాదికి సరిపడా తిండి వెంట లేనిదే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. ఆ మూటల్లో ముఖ్యమైనది గోధుమపిండి. దాన్ని పొంగించడానికి తోడుపిండి. చలికి అది గడ్డకట్టకుండా ఒంటికి ఆనించుకుని పడుకునేవారట, పసిబిడ్డని పెట్టుకున్నట్టు. చివరికి ఆ పిండి పేరే మనుషులకి వచ్చింది. అక్కడ ఒక చలికాలం పూర్తిగా గడిపినవాడు "సోర్‌డో", కొత్తగా దిగినవాడు "చీచాకో". అలాస్కాలో పాతకాపుని ఇప్పటికీ సోర్‌డో అనే అంటారు.

సీసాలో పైకి తేలే ఆ నల్లటి నీళ్ళని వాళ్ళు హూచ్ అంటారు. మన ఇంగ్లీషు పేపర్లలో కల్తీసారా చావుల గురించి రాసేటప్పుడు కనిపించే మాట అదే. అలాస్కాలో సారా కాచిన ఒక తెగ పేరునుంచి పుట్టిందది. నేను పాడైందనుకున్నది ఆ నీళ్ళని చూసే. అది ఆకలి గుర్తు మాత్రమే, కలిపేసి పిండి పెడితే సరిపోతుంది.

ఇంట్లో పుట్టించడం

వెడల్పు మూతి గాజుసీసా తీసుకోండి. పాత హార్లిక్స్ సీసా బ్రహ్మాండంగా పనికొస్తుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం గిన్నెలు వద్దు, పులుపు వాటిని తింటుంది. స్టీలు చెంచాతో కలిపితే ఫరవాలేదు.

మొదటిరోజు అరకప్పు గోధుమపిండి, పావుకప్పు నీళ్ళు కలపండి. మరపట్టించిన పిండయితే మరీ మంచిది, తవుడులోనే ఈ జీవులు ఎక్కువ. నీళ్ళు కాస్త ఎక్కువే పట్టవచ్చు. గారెలపిండికంటే పలచగా, బజ్జీలపిండికంటే గట్టిగా ఉండాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన ఘాటుగా ఉంటే కాచి చల్లార్చి వాడండి. మూత బిగించకండి సుమా! లోపల గ్యాసు పుడుతుంది, సీసా పగలవచ్చు. పలచటి గుడ్డ కట్టి, మూత వదులుగా పెట్టండి.

రెండోరోజు ఒకసారి కలిపి వదిలెయ్యండి. మూడోరోజు నుంచి రోజూ సగం తీసేసి, మిగిలినదాంట్లో మళ్ళీ అరకప్పు పిండి, పావుకప్పు నీళ్ళు. సగం తీసెయ్యడానికి మనసొప్పదు, నాకు తెలుసు. కానీ తియ్యకపోతే రోజూ రెట్టింపు పిండి పోస్తూ పోవాలి, వారానికి గంగాళం కావాలి. ఈ మొదటి వారం తీసిన పిండి తినకండి. అందులో ఏ జీవులున్నాయో తేలని దశ అది. మొక్కల కుండీలో కలిపెయ్యండి.

ఇక అసలు సంగతి. రెండోరోజో మూడోరోజో సీసాలో పిండి ఒక్కసారి బుసబుసా పొంగుతుంది. మనం మురిసిపోతాం. వాసన మాత్రం ఏమీ బాగుండదు. నాలుగోరోజు చూస్తే చడీచప్పుడు ఉండదు. ఐదోరోజూ అంతే. చచ్చిపోయిందనుకుని చాలామంది పారబోసేది సరిగ్గా అప్పుడే. విజయవాడ వచ్చాక కొత్తది పుట్టించి చూద్దామని మొదలుపెట్టిన సీసాని నేనూ ఐదోరోజున పారబోశాను. అంటే జీవితంలో రెండోసారి!

అలా ఎందుకవుతుందో చెబుతాను. మొదట పొంగించేది ఈస్ట్ కాదు. ల్యూకోనోస్టాక్ అనే బాక్టీరియా, ఇంకా దాని తోటివి కొన్ని. మినప్పప్పుతో వచ్చి మన ఇడ్లీపిండిని రాత్రికి రాత్రే పొంగించేది కూడా ఆ ల్యూకోనోస్టాకే. ఇడ్లీకి మనం దాన్నే కోరుకుంటాం, పొంగగానే ఉడకబెట్టేస్తాం, కథ అయిపోతుంది. తోడుపిండిలో అలా కాదు. అవి పిండిని పుల్లబరిచి, ఆ పులుపు పెరిగాక తామే తట్టుకోలేక వెనక్కి తగ్గుతాయి. అప్పుడు ఆ పులుపుని ఇష్టపడే లాక్టోబాసిల్లస్ జాతులు, వాటి వెనకే ఈస్ట్, మెల్లగా స్థిరపడతాయి. ఆ రెండుమూడు రోజులూ పైకేమీ కనిపించదు. మీరు చెయ్యాల్సిందల్లా రోజూ పిండి పెడుతూ ఊరుకోవడమే. మొదటి రెండు రోజులూ నీళ్ళకి బదులు అనాసపండు రసం పోస్తే ముందే పులుపు చేరి ఈ గొడవ తగ్గుతుంది. అమెరికాలో చాలామంది వాడే చిట్కా ఇది.

ఆరో రోజు నుంచి పదో రోజు లోపల మళ్ళీ బుడగలు మొదలవుతాయి. ఈసారి వాసన వేరు. పుల్లమజ్జిగ, మాగిన పండు కలిసినట్టుంటుంది. పిండి పెట్టగానే సీసాకి రబ్బరుబ్యాండు వేసి గుర్తు పెట్టుకోండి. నాలుగైదు గంటల్లో రెట్టింపై, వరసగా రెండుమూడు రోజులు అలాగే పొంగితే మీ తోడుపిండి ఎదిగినట్టే.

మన ఎండాకాలంలో అంతా తొందరే. మే నెలలో పొద్దున పెట్టిన పిండి మధ్యాహ్నానికే పొంగి దిగిపోతుంది. రోజుకి రెండుసార్లు పెట్టండి, పిండి కాస్త గట్టిగా కలపండి, చల్లటి నీళ్ళు వాడండి. ఎదిగాక ఫ్రిజ్‌లో పెట్టేసి వారానికోసారి చూస్తే చాలు.

పిండిలో గులాబీ, నారింజరంగు చారలు కనిపించినా, పైన బూజు పట్టినా మాత్రం గీకి వాడదామనుకోవద్దు. సీసాతో సహా వదిలించుకోండి.

ఇక పాన్‌కేకులు

కావలసినవి: తోడుపిండి అరకప్పు, మైదా ఒక కప్పు, గోధుమపిండి ఒక కప్పు, నీళ్ళు రెండు కప్పులు, కోడిగుడ్డు ఒకటి, కరిగించిన వెన్న గానీ నూనె గానీ రెండు పెద్ద చెంచాలు, పంచదార ఒక పెద్ద చెంచా, ఉప్పు అర టీస్పూను, వంటసోడా ఒక టీస్పూను తలకొట్టి.

రాత్రి పడుకోబోయే ముందు తోడుపిండి, మైదా, గోధుమపిండి, నీళ్ళు పెద్ద గిన్నెలో కలిపి మూతపెట్టండి. ఉండలు కొద్దిగా మిగిలినా తెల్లారేసరికి అవే కరుగుతాయి. పొద్దున్నకి పైన నురగ, బుడగలు ఉంటాయి. మరేదీ కలపకముందే అందులోంచి అరకప్పు తీసి సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టేసుకోండి. దీన్ని మాత్రం మరిచిపోవద్దు. గుడ్డూ సోడా కలిశాక ఆ పిండి ఇక తోడుకి పనికిరాదు. రేపటి తోడు తియ్యకుండా పాలన్నీ తాగేసినట్టే!

ఇప్పుడు గుడ్డు గిలక్కొట్టి పొయ్యండి. వెన్న, పంచదార, ఉప్పు వెయ్యండి. పెనం వేడెక్కుతుండగా సోడాని చెంచాడు నీళ్ళలో కరిగించి పిండిలో పోసి మెల్లగా కలపండి. గిన్నెలో పిండి కళ్ళముందే లేస్తుంది, మా మనవరాలికి అది చూడ్డం సరదా. పిండిలోని పులుపూ సోడా కలిసి పుట్టే గ్యాసు అది. ఎక్కువసేపు ఆగదు, పది పదిహేను నిమిషాల్లో పోసుకోవడం మొదలుపెట్టాలి. సోడా ఎక్కువైతే సబ్బురుచి వచ్చి, అట్లు త్వరగా నల్లబడతాయి. పిండి అంత పుల్లగా లేదనిపిస్తే సగమే వెయ్యండి.

పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుక్కలు గంతులెయ్యాలి. అప్పుడు మంట మధ్యస్థంగా తగ్గించి, నూనె రాసి, చిన్న గరిటెడు పిండి పొయ్యండి. దోసెలా తిప్పకండి, దానంతట అది పరుచుకున్నంత చాలు. పైన బుడగలు వచ్చి పగిలి, చిల్లులు పూడకుండా నిలిచి, అంచులు ఆరినట్టు కనిపించాక ఒక్కసారే తిప్పండి. తిప్పాక అట్లకాడతో అదమడం మన అలవాటు. ఆ చెయ్యిని పట్టుకుని ఆపుకోండి, అదిమితే గాలంతా పోతుంది. పన్నెండు దాకా వస్తాయి.

గుడ్డు తిననివాళ్ళు బాగా మాగిన అరటిపండు సగం మెత్తగా చిదిమి కలుపుకోవచ్చు. కాస్త తక్కువ పొంగుతాయి గానీ రుచికి లోటుండదు. అమెరికాలో మేపుల్ చెట్టు పాకం పోసుకుంటారు. నాకు మాత్రం యాలకులపొడి వేసిన లేత బెల్లంపాకమే దీనికి జోడీ అనిపిస్తుంది. మావారు వీటిని అల్లప్పచ్చడితో తింటారు. మొదట్లో వారించాను. ఇప్పుడు నేనూ తింటున్నాను.

ఒక మాట. పులియబెట్టిన పిండి కదా, గోధుమ పడనివాళ్ళు కూడా తినవచ్చు అని కొందరు చెబుతుంటారు. అది నమ్మకండి. గోధుమలోని గ్లూటెన్ పడదని డాక్టరు చెప్పినవాళ్ళకి ఇదీ పడదు. షుగరున్నవాళ్ళకి ఇదీ గోధుమపిండే, లెక్కలో వేసుకోవాల్సిందే.

తోడుపిండి ఎదిగాక వారం వారం తీసే మిగులుపిండిని పారబొయ్యనక్కర్లేదు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, గుప్పెడు బియ్యప్పిండి వేసి పలచగా జారుగా కలిపి పెనం మీద అట్టులా పొయ్యండి. రవ్వదోసెకీ పుల్లట్టుకీ మధ్యలో ఉంటుంది. సాయంత్రం పిల్లలకి చప్పున అయిపోతుంది.

ఎండబెట్టి దాచడం

సియాటిల్‌లో మేము గుడ్డ మీంచి గీకిన పెచ్చులు మొదటిరోజు ఏమీ అనలేదు. రెండోరోజూ అంతే. చంటిదాన్ని ఎత్తుకుని రాత్రి రెండు గంటలకి ఓవెన్ తలుపు తీసి చూసేదాన్ని. మూడోరోజు రాత్రి సీసా గోడకి ఆవగింజంత బుడగలు నాలుగు కనిపించాయి. అమ్మాయిని లేపబోయి, పాపం బాలింత అని ఊరుకున్నాను. వారం తిరిగేసరికి సీసా సగం నిండింది.

కర్ర పట్టుకుని మామ్మగారు తిరిగొచ్చారు. సీసా నిండుగా ఉందిగా, చెప్పకపోతే ఆవిడకేం తెలుస్తుంది అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఆ మొహం చూశాక అబద్ధం రాలేదు. అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఏమీ అనలేదు. మూత తీసి, కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశారు. "అదే" అన్నారు. పిండి మారినా, ఇల్లు మారినా ఇందులోని జీవులు కొంత మారతాయని తర్వాత చదివాను. నిజంగా అదేనా అంటే నేను ఒట్టేసి చెప్పలేను. ఆవిడ అదే అన్నారు, నాకది చాలు.

మర్నాడు ముగ్గురం కూర్చుని బాగా పొంగిన పిండిని వెన్నకాగితం మీద పలచగా పూసి ఆరబెట్టాం. మీరూ అలా చేసి పెట్టుకోండి. ఎర్రటి ఎండలో వద్దు, ఫ్యాను కింద ఒకటి రెండు రోజులు చాలు. పెళపెళలాడుతూ ఊడి వచ్చాక నలిపి, తడి తగలని డబ్బాలో పొయ్యండి. నెలల తరబడి ఉంటుంది. కావాలన్నప్పుడు చెంచాడు పొడి, చెంచాడు గోరువెచ్చటి నీళ్ళు, కొన్ని గంటలు నానాక చెంచాడు పిండి. గోరువెచ్చన అంటే వేలికి వేడి తగలకూడదు. నీళ్ళు వేడెక్కువైతే లోపలివి చచ్చిపోతాయి. బుడగలు కనిపించేదాకా రోజూ సగం తీసి పిండి పెడుతూ ఉండండి.

ఆ రోజు మూడు పొట్లాలు కట్టాం. మామ్మగారికొకటి, అమ్మాయికొకటి, నాకొకటి. మామ్మగారు ఇప్పుడు వేరే ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటున్నారు. పోయిన నెల అమ్మాయి ఫోన్ చేసి, సెలవులకి ఊరెళ్ళి వచ్చేసరికి సీసా బూజు పట్టిందనీ, పొట్లం కూడా ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందనీ ఒకటే బాధపడింది. ఆవకాయ, కంది పొడి పార్సిల్‌లో నా పొడి సగం పెట్టి పంపించాను. మూడోరోజుకే బుడగలొచ్చాయట.